‘ఐ’ అంటే నేనా, ఆయనా?

నా ఉద్యోగం మీదకు తెచ్చింది ఒకే ఒక్క వాక్యం. ‘కస్టమర్ టోల్డ్ దట్ ఐ ఎంటర్డ్ రాంగ్ నంబర్.’

మీరూ ఒకసారి చదవండి. తెలుగులో ఆలోచించుకుంటూ చదివితే ఏ తప్పూ కనపడదు. నాకూ కనపడలేదు. ‘నేను తప్పు నంబర్ కొట్టానని కస్టమర్ చెప్పాడు’ అనే కదా! తప్పు కొట్టింది కస్టమర్, ఒప్పుకున్నదీ కస్టమరే. నేను విన్నదే రాశాను.

నేను చేసేది ఫోన్ సపోర్ట్ పని. తెలుగువాళ్లు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడాలి, కాల్ అయిపోయాక ఏం జరిగిందో ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు నోట్ రాయాలి. ఆ రోజు ఫోన్ చేసిన పెద్దాయన రీఛార్జ్ చేసుకుంటూ ఒక అంకె తప్పు కొట్టారు. డబ్బులు ఇంకెవరి నంబర్‌కో వెళ్లిపోయాయి. ‘నాదే తప్పమ్మా, నేనే తప్పు నంబర్ కొట్టాను, ఏమైనా చేయగలరా’ అని అడిగారు. అదే రాశాను. ఆ నోట్ చదివింది వేరే ఊళ్లో ఉన్న, తెలుగు రాని క్వాలిటీ టీమ్. వాళ్లకు అర్థమైంది ఇది: తప్పు నంబర్ కొట్టింది నేను, ఆ సంగతి కస్టమర్ కంప్లయింట్ చేశాడు, నేను అది ఒప్పుకుంటూ నోట్ రాశాను!

మర్నాటికి మెయిల్ వచ్చింది. ‘ఏజెంట్ ఎర్రర్’. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు అలాంటివి రెండు పడితే ఇంటికే. నాకు అప్పటికే ఒకటి ఉంది. ఏమైనా చెప్పుకోవాలంటే 24 గంటల్లో రాసి పంపాలి. అదీ ఇంగ్లిష్‌లో!

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితే అంతా ఇంగ్లిషే

ఆ సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో మారి, రెడ్ లైన్‌లో దిల్‌సుఖ్‌నగర్ దాకా నిలబడే వచ్చాను. స్టేషన్ మెట్లు దిగితే మీకు తెలిసిందే కదా, ఎటు చూసినా కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులు. గ్రూప్స్, బ్యాంకు, ఎస్ఐ, సాఫ్ట్‌వేర్, స్పోకెన్ ఇంగ్లిష్. ఇన్ని రోజుల్లో ఇంగ్లిష్ వచ్చేస్తుందని కరపత్రం చేతిలో పెడతారు. నేనూ ఒక దాంట్లో చేరి మానేసినదాన్నే. పదో తరగతి దాకా నల్గొండ జిల్లాలో తెలుగు మీడియం. ప్రతి నెలా తమ్ముడి ఫీజుకు ఇంటికి డబ్బులు పంపేది ఈ జీతంలోంచే. అందుకే ఆ కరపత్రాలు చూస్తే ఆ రోజు ఏడుపొచ్చింది.

మా హాస్టల్ సరూర్‌నగర్ చెరువు వైపు. రూమ్‌లో ముగ్గురం. ఒకమ్మాయి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఇంకో అక్క తెలుగు పండిట్ ఉద్యోగం కోసం డీఎస్సీకి చదువుతోంది. ‘నాకు ఇంగ్లిష్ రాదు తల్లీ’ అని అక్క ఎప్పుడూ అనే మాట. విచిత్రం ఏమిటంటే, నా తప్పు ఎక్కడుందో పట్టుకున్నది ఆ అక్కే.

‘ఏం రాసినవో తెలుగుల చెప్పు’ అంది. చెప్పాను.

‘మరి కంపెనీవాళ్లకు ఏమని అర్థమైంది?’ అదీ చెప్పాను.

అక్క ఒక్క నిమిషం ఆలోచించి నవ్వింది. ‘నీ ఇంగ్లిష్ తప్పు కాదే ఇది. నువ్వు మంచి తెలుగు రాసినవ్, ఇంగ్లిష్ అక్షరాలతోటి.’

‘అని’ ఒక టిఫిన్ బాక్స్

అక్క చెప్పింది నా మాటల్లో చెబుతాను. తెలుగులో ‘అని’ అనే మాట టిఫిన్ బాక్స్ లాంటిది. అవతలి మనిషి అన్నదాన్ని అన్నట్టే లోపల పెట్టి మూత పెట్టేస్తాం. ‘నేను రేపు వస్తానని రవి చెప్పాడు.’ ఇందులో ‘నేను’ ఎవరు? రవి. చెబుతున్న నేను కాదు. బాక్స్ లోపలున్నది రవి మాట, కాబట్టి ‘నేను’ కూడా రవిదే. వినేవాళ్లకు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది.

ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. ‘తను రేపు వస్తానని చెప్పాడు’ అంటాం. ‘తను’ అని మూడో మనిషిని పెట్టి, క్రియ మాత్రం ‘వస్తాను’ అని నేను చేసే పనిలా వాడాం. ఎవరికీ వింతగా అనిపించదు. తెలుగులో క్రియ చివర చిన్న తోక ఉంటుంది: వస్తాను, వస్తావు, వస్తాడు. చేసింది ఎవరో ఆ తోకే చెబుతుంది. అందుకే చాలాసార్లు ‘నేను’, ‘నువ్వు’ అనే మాటలు వదిలేసినా నడుస్తుంది.

ఇంగ్లిష్‌లో ‘దట్’ టిఫిన్ బాక్స్ కాదు. బాక్స్ తెరిచి, కూర తీసి, మన ప్లేట్‌లో మళ్లీ వడ్డించడం. వడ్డించేది నేను కాబట్టి ‘ఐ’ అంటే ఎప్పుడూ నేనే. రవి తన గురించి చెప్పుకున్నదంతా ‘హి’ అయిపోవాలి. ‘రవి సెడ్ దట్ హి వుడ్ కమ్ టుమారో.’ అవతలి మనిషి మాట యథాతథంగా కావాలంటే ‘దట్’ తీసేసి కోట్స్ పెట్టాలి.

అంటే నేను రాయాల్సింది ఇది: ‘ద కస్టమర్ సెడ్ దట్ హి హ్యాడ్ ఎంటర్డ్ ద రాంగ్ నంబర్.’ ‘ఐ’ బదులు ‘హి’. మారింది ముఖ్యంగా ఒక్క సర్వనామం. దానికే నాకు నిద్ర లేకుండా పోయింది.

ప్రశ్నలప్పుడూ ఇదే గొడవ. ‘నువ్వు వస్తావా అని అడిగాడు’ అన్నదాన్ని ‘హి ఆస్క్డ్ దట్ విల్ యు కమ్’ అనేస్తాం. లోపలి ప్రశ్నను ప్రశ్నలాగే ఉంచేశాం. ఇంగ్లిష్‌లో ‘అని’ స్థానంలో ‘ఇఫ్’ వస్తుంది, ‘యు’ కాస్తా ‘ఐ’ అవుతుంది: ‘హి ఆస్క్డ్ ఇఫ్ ఐ వుడ్ కమ్.’ కలిపే మాట, మనిషిని చెప్పే మాట రెండూ జంటగా మారతాయి. ఒకటి మార్చి ఇంకోటి వదిలేస్తే నాకు పట్టిన గతే.

నా మొదటి డ్రాఫ్ట్

కారణం తెలిసింది. ఇక జవాబు రాయాలి. రాత్రి పదింటికి కూర్చుని రాసిన మొదటి డ్రాఫ్ట్ ఇది. సిగ్గుపడకుండా పెడుతున్నాను.

‘రెస్పెక్టెడ్ సర్, మైసెల్ఫ్ న్యూ జాయినీ. ఐ యామ్ వెరీ షాకింగ్ ఆఫ్టర్ సీయింగ్ యువర్ మెయిల్. దో ఐ యామ్ న్యూ, బట్ ఐ డిడ్ నాట్ డు ఎనీ మిస్టేక్. కస్టమర్ సర్, దే టోల్డ్ దట్ ఐ ఎంటర్డ్ రాంగ్ నంబర్. సపోజ్ ఇఫ్ యు లిజన్ మై కాల్ రికార్డింగ్, యు విల్ అండర్‌స్టాండ్.’

కంగారులో అసలు తప్పు మళ్లీ చేశానని గమనించారా? బ్యాంకు పరీక్షల అమ్మాయి ఎర్రర్ స్పాటింగ్‌లో దిట్ట. పెన్ను తీసుకుని వరసగా సున్నాలు చుట్టింది. రూల్ ఏమిటో తనకు తెలుసు. అది ఎందుకు మన నోట్లోంచి అలా వస్తుందో అక్కకు తెలుసు. ఆ రాత్రి ఇద్దరి మధ్యా కూర్చుని నేను నేర్చుకున్నది ఏ కోచింగ్‌లోనూ నేర్చుకోలేదు.

‘మైసెల్ఫ్’ ఎందుకు వస్తుంది?

తెలుగులో ‘నేను విద్యార్థిని’, ‘ఇది మా ఇల్లు’ అంటే వాక్యం పూర్తయిపోతుంది. ‘యామ్’, ‘ఈజ్’ లాంటి క్రియ అక్కర్లేదు. అందుకే పేరు చెప్పేటప్పుడు క్రియ లేని వాక్యమే నోటికి హాయిగా ఉంటుంది. ‘ఐ రమేష్’ అంటే బాగాలేదని తెలుసు, కాస్త గంభీరంగా ఉంటుందని ‘మైసెల్ఫ్ రమేష్’ అంటాం. ఇంగ్లిష్‌లో ‘మైసెల్ఫ్’ మన ‘నన్ను నేను’ లాంటిది. ‘ఐ కట్ మైసెల్ఫ్’ అంటే నన్ను నేనే కోసుకున్నాను. పరిచయానికి ‘ఐ యామ్’ చాలు.

ఇక ‘కస్టమర్ సర్, దే’. ఆయన చెప్పారు, వారు వచ్చారు అని పెద్దవాళ్లకు బహువచనం పెట్టడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఆ గౌరవం ‘దే’ రూపంలో బయటపడుతుంది. మనిషి ఆడో మగో తెలియనప్పుడు ఒక్కరికి కూడా ‘దే’ అనడం ఇంగ్లిష్‌లో కొన్ని వందల ఏళ్లుగా ఉంది. కానీ గౌరవం కోసం కాదు. మా నాన్నకైనా, మా చిన్న తమ్ముడికైనా అక్కడ ‘హి’ ఒక్కటే. మొదట్లో ‘మై ఫాదర్, హి’ అనడానికి నాకు నోరు రాలేదు. ‘వాడు’ అన్నట్టు అనిపించేది. ‘హి’ అంటే వాడూ కాదు, అతనూ కాదు, ఆయనా కాదు. మూడూ కలిపి ఒక్కటి.

నిజానికి ఒకప్పుడు ఇంగ్లిష్‌లోనూ నువ్వు, మీరు వేరుగా ఉండేవి. ‘దౌ’ అంటే నువ్వు, ‘యు’ అంటే మీరు. షేక్‌స్పియర్ నాటకాల్లో రెండూ కనిపిస్తాయి. మెల్లగా అందరినీ మీరు అనడం మొదలుపెట్టి, మామూలు మాటల్లోంచి ‘నువ్వు’ను వదిలేశారు. అంటే మేనేజర్‌ను ‘యు’ అంటే అమర్యాద ఏమీ లేదు. మీరు అంటున్నది ‘మీరు’ అనే!

‘మా’ సంగతి ఇంకా తమాషా. మా అమ్మ, మా ఊరు అంటాం. పెళ్లయినావిడ ‘మా ఆయన’ అంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు ‘అవర్ హస్బెండ్’ అంటే కొంప మునుగుతుంది. ఇంగ్లిష్‌లో అక్కడ ‘మై’. మనకు మేము, మనం అని రెండున్నాయి. వాళ్లకు ‘వి’ ఒక్కటే. ఆఫీసులో చేరిన కొత్తలో పక్క టీమ్‌వాళ్లు ‘వి ఆర్ గోయింగ్ ఫర్ లంచ్’ అంటే నేనూ బ్యాగ్ తీసుకుని లేచాను. వాళ్లన్నది ‘మనం’ కాదు, ‘మేము’. ఆ తేడా వాళ్ల భాషలో మాటలో ఉండదు, సందర్భంలో ఉంటుంది.

షాకింగ్ నేనా, మెయిలా?

‘ఐ యామ్ వెరీ షాకింగ్’ అన్నదానికి బ్యాంకు అమ్మాయి పడీ పడీ నవ్వింది. అంటే నన్ను చూసి జనం షాక్ తింటారని అర్థమట. ‘ఐ యామ్ బోరింగ్’ కూడా అంతే. నాకు బోర్ కొడుతోందని చెప్పబోయి, నేనే పెద్ద బోరు అని ఒప్పుకున్నట్టు.

ఇక్కడ తెలుగు మనకు మంచి గుర్తు ఇస్తుంది. ఇలాంటి ఫీలింగ్స్ చెప్పేటప్పుడు మనం ‘నేను’ అనం, ‘నాకు’ అంటాం. నాకు బోర్ కొట్టింది, నాకు ఆశ్చర్యమేసింది, నాకు విసుగొచ్చింది, నాకు ఆసక్తి ఉంది. ఆ ‘నాకు’ కనపడగానే చివర ‘ఈడీ’ అక్షరాలు వచ్చే విశేషణం పెట్టండి: బోర్డ్, సర్‌ప్రైజ్డ్, టైర్డ్, ఇంట్రెస్టెడ్, షాక్డ్. ఆ ఫీలింగ్ తెప్పించిన వస్తువుకు ‘ఇంగ్’: బోరింగ్ సినిమా, షాకింగ్ మెయిల్. అన్నిటికీ కుదరదనుకోండి, ఆకలి, దాహం లాంటివాటికి హంగ్రీ, థర్స్టీ అని వేరే మాటలున్నాయి. అక్కడా ‘నాకు’ కాస్తా ‘ఐ యామ్’ అవడం మాత్రం ఖాయం.

ఇంకో చోట జారతాం. ‘అందంగా పాడింది’, ‘అందంగా ఉంది’. తెలుగులో రెండు చోట్లా ‘అందంగా’నే. అందుకే ‘యు లుక్ బ్యూటిఫుల్లీ’ అంటాం. ఇంగ్లిష్‌లో పని ఎలా చేసిందో చెబితే బ్యూటిఫుల్లీ, మనిషి ఎలా ఉందో చెబితే బ్యూటిఫుల్. ‘ఉంది’, ‘కనిపిస్తోంది’, ‘అనిపిస్తోంది’ అనే క్రియల దగ్గర ‘గా’ను ఇంటి దగ్గరే వదిలేయాలి.

వేడి వేడి ఇడ్లీ ‘హాట్ హాట్ ఇడ్లీ’ అయ్యేది కూడా ఇందుకే. మనకు మాట రెండుసార్లు అంటే బలం. వాళ్లు ‘పైపింగ్ హాట్’ అనో, ‘వెరీ హాట్’ అనో వేరే మాట తోడు తెచ్చుకుంటారు. చిన్న చిన్న ఇళ్లు అంటే అక్కడ ‘స్మాల్ హౌసెస్’ చాలు.

అన్నీ తేడాలేనా అనుకోకండి. విశేషణాల వరస గురించి గ్రామర్ పుస్తకాల్లో పెద్ద పట్టిక ఉంటుంది. ముందు అభిప్రాయం, తర్వాత సైజు, వయసు, రంగు, దేనితో చేశారో అని. బ్యాంకు అమ్మాయి దాన్ని బట్టీ కొడుతుంటే అక్క ఆపింది. ‘మా అమ్మమ్మ పెట్టె తెరిస్తే ఏముంటదో చెప్పు?’ అని అడిగి తనే చెప్పింది: రెండు పెద్ద పాత ఇత్తడి బిందెలు, ఒక మంచి పాత ఎర్ర పట్టుచీర. ఇంగ్లిష్‌లోకి మార్చండి. ‘టూ బిగ్ ఓల్డ్ బ్రాస్ పాట్స్.’ ‘ఎ నైస్ ఓల్డ్ రెడ్ సిల్క్ సారీ.’ ఒక్క మాట కూడా అటూ ఇటూ కదల్లేదు! ‘పట్టు ఎర్ర పాత చీర’ అని దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో ఎవరైనా అడుగుతారా? ఆ పట్టిక మన నోట్లో ముందే ఉంది. ‘నా పాత చెప్పులు’, ‘మై ఓల్డ్ స్లిప్పర్స్’. అదే వరస.

అదే షాపులో ‘పెద్దది కావాలా, చిన్నది కావాలా’ అంటారు. పెద్ద అనే విశేషణానికి అది అనే సర్వనామం అతికించేశాం. మంచివాడు, కొత్తవాళ్లు, నాది అన్నీ అలా అతుకు పెట్టిన మాటలే. ఇంగ్లిష్‌లో ఆ అతుకు పని ‘వన్’ చేస్తుంది. ‘గివ్ మి బిగ్’ కాదు, ‘గివ్ మి ద బిగ్ వన్’. ఆ ‘వన్’ అంటే ఒకటి కాదు, మన ‘అది’.

రెండు ముక్కలు, ఒకటే కుట్టు

ఇక మిగిలినవి రెండు సున్నాలు: ‘దో... బట్’, ‘సపోజ్ ఇఫ్’. రెంటికీ జబ్బు ఒకటే.

తెలుగులో కలిపే పని చాలాసార్లు క్రియ తోకే చేస్తుంది. వాన పడినా వచ్చాను. వాన పడితే రాను. ‘ఇనా’, ‘ఇతే’ తోకలతో పని అయిపోయింది. అది చాలదన్నట్టు నొక్కి చెప్పడానికి ముందో మాట చేరుస్తాం: ఒకవేళ వాన పడితే. ‘ఒకవేళ’ కాస్తా ‘సపోజ్’ అయింది, ‘ఇతే’ కాస్తా ‘ఇఫ్’ అయింది. ‘సపోజ్ ఇఫ్’ పుట్టింది. ‘దో ఐ యామ్ న్యూ, బట్’ కూడా అంతే. కొత్తదాన్నే అయినా, కానీ తప్పు చేయలేదు. మనకు అది నొక్కి చెప్పడం, ఇంగ్లిష్‌కు అది రెండుసార్లు కుట్టడం. ‘బికాజ్ ట్రాఫిక్ వాజ్ హెవీ, సో ఐ కేమ్ లేట్’ కూడా ఈ కోవలోదే.

అక్క టైలరింగ్ కూడా చేస్తుంది. ‘రెండు ముక్కలు కలపాలంటే ఒక్క కుట్టు చాలు. ఇంకో కుట్టేస్తే గుడ్డ ముడత పడతది’ అంది. వాక్యాలు రెండైతే కలిపే మాట ఒకటి. మూడైతే రెండు. లెక్క పెట్టుకుంటే చాలు.

‘అండ్’ దగ్గర ఇంకోలా ఇబ్బంది పడతాం. లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, మెట్రో ఎక్కాను. మన భాషలో పనులన్నీ ‘ఇ’లతో దండలా గుచ్చేస్తాం. దాన్ని ‘ఐ వోక్ అప్ అండ్ ఐ బాత్డ్ అండ్ ఐ ఏట్ అండ్ ఐ’ అని లాగుతాం. ఇంగ్లిష్‌లో ‘ఐ’ మొదట ఒక్కసారి, ‘అండ్’ చివర ఒక్కసారి: ‘ఐ వోక్ అప్, బాత్డ్, ఏట్ అండ్ టుక్ ద మెట్రో.’ మొదటి ‘ఐ’ అన్ని పనులకూ సరిపోతుంది.

పంపిన మెయిల్

రాత్రి ఒంటిగంటకు తేలిన మెయిల్ ఇది.

‘డియర్ సర్, ఐ యామ్ ఎ న్యూ జాయినీ ఇన్ ద తెలుగు టీమ్. ఐ వాజ్ షాక్డ్ టు సీ యువర్ మెయిల్. దో ఐ యామ్ న్యూ, ఐ డిడ్ నాట్ ఎంటర్ ద రాంగ్ నంబర్. ద కస్టమర్ సెడ్ దట్ హి హ్యాడ్ ఎంటర్డ్ ఇట్. ఇన్ మై నోట్, ఐ రోట్ “ఐ” ఇన్‌స్టెడ్ ఆఫ్ “హి”. దట్ వాజ్ మై మిస్టేక్. ప్లీజ్ లిజన్ టు ద కాల్ రికార్డింగ్ బిఫోర్ యు డిసైడ్.’

‘దట్ వాజ్ మై మిస్టేక్’ అన్న వాక్యం పెట్టాలా వద్దా అని అరగంట వాదించుకున్నాం. బ్యాంకు అమ్మాయి వద్దంది, ఒప్పుకుంటే పట్టుకుంటారంది. నేను పెట్టాను. ఎందుకంటే అది నిజం. పైగా, ఈసారి ‘మై’ అన్నది నిజంగా నన్నే.

రెండు రోజులు జవాబు రాలేదు. ఆ రెండు రోజులూ తిండి సహించలేదు. మూడో రోజు తెలుగు తెలిసిన ఒక సీనియర్ రికార్డింగ్ విన్నారు. ‘నాదే తప్పమ్మా’ అన్న పెద్దాయన గొంతు అందులో స్పష్టంగా ఉంది. ఏజెంట్ ఎర్రర్ తీసేశారు. నోట్ సరిగ్గా రాయనందుకు ఆ నెల ఇన్సెంటివ్ మాత్రం కోసేశారు. ఆ నెల తమ్ముడి ఫీజుకు అప్పు చేశాను. కానీ ఉద్యోగం నిలబడింది.

దొరలకూ ఇదే కష్టం

ఈ కథలో నాకు బాగా ధైర్యమిచ్చిన సంగతి ఇంకోటి ఉంది. అక్క పరీక్ష పుస్తకాల్లో బ్రౌన్ గురించి ఓ పాఠం ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చి, 1820లో కడపలో ఉద్యోగంలో చేరి, పండితుల దగ్గర తెలుగు నేర్చుకుని, 1840లో ఇంగ్లిష్‌లో తెలుగు వ్యాకరణం అచ్చు వేశాడు. 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చాడు. అతనికంటే ముందు 1814లో విలియం కేరీ, 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణాలు వేశారు. వాళ్లంతా ఆ పుస్తకాలు ఎవరి కోసం రాశారు? తెలుగు రాక తిప్పలు పడే ఇంగ్లిష్‌వాళ్ల కోసం. మనం ‘హి’ దగ్గర తడబడినట్టే వాళ్లు వాడు, అతను, ఆయనల మధ్య తడబడాలి. మనకు ‘వి’ ఒక్కటే అయినట్టు వాళ్లకు మేము, మనం రెండవుతాయి. మనకు ‘దట్’ ఎలాగో వాళ్లకు ‘అని’ అలాగ.

ఇక్కడే, మన ఉస్మానియా యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెప్పిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు, ఐసీఎస్ అధికారిగా పనిచేసిన గ్విన్‌తో కలిసి 1985లో ఆధునిక తెలుగుకు ఇంగ్లిష్‌లో వ్యాకరణం తెచ్చారు. ఒక తెలుగాయన, ఒక ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నాయన కలిసి కూర్చుని తెలుగు మాటల అతుకులు విడదీసి చూశారన్నమాట. మా రూమ్‌లో ఆ రాత్రి జరిగింది కూడా చిన్న స్థాయిలో అదే.

2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్. ఊరికి వెళ్లినప్పుడు పక్కింటి పిల్ల పుస్తకం తిరగేశాను. ఆ పాప ఇంగ్లిష్ పేజీ మాత్రమే చదువుతోంది. తెలుగు పేజీ చూస్తే టీచర్ తిడతారేమోనని భయమట. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూడమని చెప్పాను. ఎక్కడ మాట తోకలో దాక్కుందో, ఎక్కడ విడిగా నిలబడిందో చూడు, ఇంగ్లిష్ అక్కడే దొరుకుతుందన్నాను. నాకు అది 23 ఏళ్లకు తెలిసింది.

ఇప్పుడు నోట్ పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ ‘ఐ’ నేనేనా? ఈ విశేషణం ఎవరిది, నాదా, వస్తువుదా? ఈ రెండు ముక్కలకు కుట్లు ఎన్ని? పది సెకన్లు పడుతుంది. మీరు ఇంటర్వ్యూకి మెయిల్ రాస్తున్నా, మేనేజర్‌కు వాట్సాప్ పెడుతున్నా ఇవే చాలు.

అక్కకు 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. హాస్టల్ ఖాళీ చేసే రోజు స్టేషన్ దాకా సామాను మోసుకెళ్లాను. మొన్న మెసేజ్ పెట్టింది, ఇంగ్లిష్‌లో: ‘హెడ్‌మాస్టర్ సెడ్ దట్ ఐ యామ్ ఎ గుడ్ టీచర్.’

వెంటనే ఫోన్ చేశాను. ‘అక్కా, ఆ ‘ఐ’ ఎవరు? నువ్వా, హెడ్‌మాస్టరా?’

‘నేనేనే! ఈసారి కరెక్టే రాసిన, చూస్కో’ అని నవ్వింది.